వందలోంచి ఏడు

ముసలితనంలో ఆడవాళ్ళ మాటకి విలువ పోవడానికి ఒక్కసారి బాత్రూంలో జారిపడితే చాలు. మా పెద్దమ్మకి 78వ ఏట తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైన మూడోరోజు పొద్దున ఓ కుర్ర డాక్టరు కాగితం పట్టుకొచ్చి "ఈరోజు తారీఖెంతమ్మా?" అనడిగాడు. "బహుళ ఏకాదశి నాయనా" అంది. దానికి సున్నా. వందలోంచి ఏడేడు చొప్పున తీసెయ్యమన్నాడు. ఐదు మూలల బొమ్మలు గియ్యమన్నాడు. బడి మొహం చూడని పెద్దమ్మ పెన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. ముప్పైకి పదకొండొచ్చాయి. కేసు షీట్లో 'డిమెన్షియా' అని రాశారు.

ఆవిడ పేరున ఉన్న ఎకరం పొలం గురించి, ఇక ఎవరింట్లో ఉంచాలన్న దాని గురించి ఆవిడ మంచం పక్కనే మాట్లాడుకున్నారు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నడిపించడానికొచ్చే ఫిజియోథెరపిస్టు కూడా "చెప్పింది గుర్తుండదు కదా" అని తొందరగా వెళ్ళిపోయేవాడు.

రాత్రిళ్ళు ఆవిడ తికమకపడిన మాట నిజం. చనిపోయిన పెదనాన్నకి అన్నం పెట్టాలని లేవబోయేది. తెల్లారేసరికి మామూలుగా ఉండేది. ఇలా హఠాత్తుగా వచ్చి, పూటపూటకీ మారే గందరగోళాన్ని డెలీరియం అంటారు. తుంటి విరిగిన వృద్ధుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. నొప్పి, మందులు, ఇన్ఫెక్షన్, నిద్రలేమి, చివరికి కళ్ళజోడు తీసి దాచెయ్యడం కూడా కారణం కావచ్చు. డిమెన్షియా నెమ్మదిగా, ఎక్కువగా ఏళ్ళ తరబడి ముదురుతుంది. అది ఉన్నవాళ్ళకి డెలీరియం వచ్చే ప్రమాదం ఎక్కువే గానీ రెండూ ఒకటి కాదు. తేడా తెలియాలంటే పడకముందు మనిషి ఎలా ఉండేదో కనుక్కోవాలి. డాక్టరు పట్నం నుంచొచ్చిన కొడుకునడిగాడు. పన్నెండేళ్ళుగా కలిసి ఉంటున్న కోడలు తలుపు దగ్గరే నిలబడింది. మొన్నటిదాకా పాల లెక్కలు, చీటీ లెక్కలు అత్తగారే నోటితో చూసేదని తెలిసింది ఆమెకే. రెండో వారానికి తికమక పోయింది. ఫైల్లో మాట పోలేదు.

ఆ మినీ మెంటల్ పరీక్ష 1975లో అమెరికాలో వచ్చింది. చదవడం, రాయడం వచ్చినవాళ్ళకి తగ్గట్టుంటుంది. 1995లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ వైపు చదువురాని వృద్ధుల కోసం దాన్ని హిందీలో మార్చి రాశారు. అంటే ఈ చిక్కు మన దేశంలో కొత్తగా తెలిసిందేం కాదు. బడికి పంపని సమాజమే బడి ప్రశ్నలతో ఆడవాళ్ళ బుద్ధిని కొలుస్తోంది.

పరీక్షలొద్దని కాదు. చాదస్తమని కొట్టిపారేసిన నిజమైన డిమెన్షియా కూడా మన ఇళ్ళల్లో ఉంది. గుర్తిస్తేనే ఆ మనిషికీ, చూసుకునే ఆడవాళ్ళకీ సాయం అందుతుంది. కానీ ఒళ్ళు కుదుటపడ్డాక, ఆమె భాషలో, ఆమె బతుకు తెలిసి అడగాలి. రోజూ చూసుకునే మనిషిని కూర్చోబెట్టి అడగాలి. సంతకాలూ, పంపకాలూ ఆ తర్వాతే.