చెరువెండిన నాటి విందు

అనంతపురం సీమలో చేపల రుచిని గురించి మాట్లాడడం కొత్తవారికి వింతగా తోచవచ్చు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే పీఠభూమి అది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను దాటి వచ్చేసరికి వాటిలోని తడి చాలావరకు తరిగిపోతుంది. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి ఇంతదూరం చేరేసరికి అలసిపోతాయి. ఎర్రనేలలు, బండగుట్టలు, వేరుశనగ చేలు, సంవత్సరంలో అధికభాగం ఇసుకమేటలుగా మిగిలే పెన్న, చిత్రావతి నదులు - ఇదీ ఆ నేల రూపురేఖ. అటువంటి చోట కొరమీను గొప్పదా, వాలుగ గొప్పదా అని రచ్చబండపై గంటల తరబడి వాదించుకునే మనుషులున్నారంటే నమ్మబుద్ధి కాదు. అయినా ఉన్నారు. అరుదుగా దొరికే వస్తువుపై నాలుకకు జ్ఞాపకశక్తి ఎక్కువ కాబోలు!

ఆ సీమలో చేపకు నెలవు నది కాదు, చెరువు. అనంతపురం పట్టణానికి పేరు తెచ్చిన అనంతసాగరం, దాని పొరుగున ఉన్న బుక్కరాయసముద్రం 14వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో వెలసినవని స్థానిక చరిత్ర చెబుతుంది. సింగనమల చెరువు, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనికి చేరిన బుక్కపట్నం, ధర్మవరం చెరువులు కూడా పెద్దవే. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న జనం తాము తవ్వుకున్న చెరువులకు 'సముద్రం' అనీ, 'సాగరం' అనీ పేర్లు పెట్టుకోవడంలో వారి ఆశ ఎంతటిదో తెలుస్తుంది. చెరువు కట్ట తెగకుండా ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన బుక్కరాయసముద్రపు కోడలి కథను కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా మలచిన సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. చెరువు నిండి తెగిపోతుందన్న భయం ఆ కథలో ఉంది. నిండదేమో అన్న భయం ఆ సీమ నిత్యజీవితంలో ఉంది.

భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో వాన కనికరిస్తే చెరువులు నిండుతాయి. వైశాఖం నాటికి అదే నీరు నడుములోతుకు, తరువాత మోకాలిలోతుకు, చివరకు ఒక మడుగుకు కుంచించుకుపోతుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు చేప ఎక్కడుందో ఎవరికీ తెలియదు. విసురువల వేసినవాని అదృష్టం, గాలం పట్టుకున్న పిల్లవాని ఓపిక - అంతే. నీరు తగ్గేకొద్దీ చేప దగ్గరవుతుంది. చెరువు అడుగంటిన రోజున ఊరంతా కట్ట దిగుతుంది. వలలున్నవారు వలలతో, లేనివారు వెదురు ఊతలతో, ఏవీ లేనివారు పాతచీరల కొంగులతో బురదలోకి నడుస్తారు. ఆ సాయంత్రం పొయ్యి రాజుకున్న ప్రతి ఇంటా పులుసు వాసనే. పైరుకు నీరు లేదన్న దిగులు, కడుపునిండా చేపల కూర అన్న సంబరం ఒకే రోజున ఒకే ఇంటిలోకి వస్తాయి. పండుగలన్నీ సమృద్ధి నాడు వస్తే, ఈ పండుగ మాత్రం లేమి నాడు వస్తుంది.

ఆ బురదలో దొరికే చేపలు రెండు రకాలు. ఒకటి అతిథులు, రెండవది ఊరివారు.

బొచ్చె, శీలావతి అని పిలిచే రోహు, మృగాల - ఇవి అతిథులు. ఇవి పారే నదిలో వరదకాలాన గుడ్లు పెడతాయే తప్ప నిలిచిన చెరువు నీటిలో సాధారణంగా పెట్టవు. కనుక ప్రతి ఏటా ఎవరో ఒకరు పిల్లలను తెచ్చి చెరువులో వదలాలి. ఒకప్పుడు నదులలో వలలు కట్టి ఆ పిల్లలను పట్టవలసి వచ్చేది. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఒడిశాలోని అంగుల్ వద్ద చేపలకు పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి, చెరువు నీటిలోనే గుడ్లు పెట్టించడంలో సఫలుడైనాడు. నేడు జులై 10ని జాతీయ మత్స్యరైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నది అందుకే. ఆ సూదిమందు లేకపోతే అనంతపురం చెరువుల్లో బొచ్చె ఇంత విరివిగా ఉండేది కాదు. ఇవి త్వరగా పెరుగుతాయి, తూకానికి బాగా వస్తాయి. బొచ్చె తల పులుసులో ఉడికితే దాని రుచికి సాటి లేదనేవారున్నారు. కాని వీటి కండలో సన్నని చీలిక ముళ్లు అధికం. పిల్లలకు పెట్టే తల్లి ఒక చేత్తో ముల్లు ఏరుతూ, రెండవ చేత్తో ముద్ద అందించాలి. నీరు వేడెక్కి, గాలి తగ్గినప్పుడు మొదట తేలేవి కూడా ఇవే.

ఊరివారి సంగతి వేరు. కొరమీను, మట్టగిడస, మార్పు - ఇవి మొప్పలతోనే కాక నీటిపైకి వచ్చి నేరుగా గాలిని పీల్చి బతకగలవు. చెరువు ఎండేకొద్దీ కొరమీను బురదలోకి దూరి, ఆ తడి మిగిలినంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. ఎవరూ తెచ్చి వదలకపోయినా వాన పడగానే మళ్లీ కనిపించే చేప అది. కరవు నేలకు తగిన చేప. ఆ సీమ జనం దానినే అన్నిటికంటె మిన్నగా తలచడంలో రుచి ఒక్కటే కారణమని చెప్పలేము. అయితే రుచి చిన్న కారణమేమీ కాదు. ముళ్లు తక్కువ, కండ బిగువు. బాలింతకు, జ్వరం పడి లేచినవారికి కొరమీను పెట్టడం తెలుగునాట పాత ఆచారం. మలేషియా, ఇండోనేషియా దేశాలలో కూడా గాయాలు మానడానికి దీనినే తినిపిస్తారు. తెలంగాణ 2016లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

సింగనమల దారిలోని ఒక పల్లెలో ఒక అవ్వ ఉండేది. ఆమె చేతి కొరమీను పులుసు ఆ చుట్టుపక్కల పేరుపొందింది. ఆమె పద్ధతిలో రహస్యం ఏమీ లేదు, తొందర లేకపోవడమే ఉంది. కొరమీను ఒంటిపై జిగురు దట్టంగా ఉంటుంది. పొయ్యిలోని మెత్తని బూడిద చల్లి, గరుకురాతిపై తోమి, పొలుసు తీసి, రాళ్ల ఉప్పుతో రెండుమార్లు కడిగేది. ముక్కలకు పసుపు, ఉప్పు, కారం పట్టించి పక్కన ఉంచేది. రెండు ఎర్రగడ్డలను నిప్పులలో కాల్చి, పైపొర తీసి, వేయించిన ధనియాలు, కొద్దిగా మెంతులు, తెల్లగడ్డ, ఎండుకొబ్బరితో కలిపి రోటిలో నూరేది. మట్టి చట్టిలో చెనిక్కాయ నూనె కాగిన తరువాత ఆ ముద్దను వేసి పచ్చివాసన పోయేదాకా వేయించేది. చింతపండు పులుసు పోసి, అది తెర్లి నూనె పైకి తేలిన తరువాతనే ముక్కలు వేసేది. అటుపైన గరిటె పెట్టనిచ్చేది కాదు. చట్టి అంచులను గుడ్డతో పట్టుకొని మెల్లగా తిప్పడమే. కోడళ్లలో ఎవరైనా గరిటె అందుకుంటే, "ముక్క చెదిరితే చేప కాదు, గంజి అవుతుంది" అని కసిరేది. వేసవిలో మామిడికాయలు దొరికే రోజులు కనుక చింతపండు సగం తగ్గించి, నాలుగు పుల్లని ముక్కలు వేసేది. చెరువు ఎండడం, మామిడి కాయడం ఒకే ఋతువులో జరగడం ఆ సీమ నాలుకకు దక్కిన చిన్న ఓదార్పు.

ఆ పులుసుకు తోడు రాగిసంగటి. వరి అన్నం కాదు. వేడి సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోస్తే, మొదట చుట్టూ ఇంకుతుంది, తరువాత నిలుస్తుంది. అయినా ఆ రోజు తిన్నది సగం రుచే. మిగిలిన పులుసును మూతపెట్టి ఉట్టిపై ఉంచి, మరునాటి ఉదయం తింటేనే పులుపు ముక్కలోకి దిగి అసలు రుచి తెలుస్తుందని ఆమె చెప్పేది. ఈ విషయంలో ఆ పల్లెలో భేదాభిప్రాయం లేదు.

మార్పును అదే విధంగా వండరు. దానికి పొలుసు ఉండదు, రెక్క దగ్గరి ముల్లు గుచ్చుకుంటే చేయి చాలాసేపు మంటపెడుతుంది. అనుభవం ఉన్నవారే దానిని పట్టి, తల తొలగించి, బూడిదతో తోమి, కారం ఎక్కువగా వేసి చిక్కగా దగ్గరికి వండుతారు. బొటనవేలంత ఉండే చిన్న పరకలను కడుపు నొక్కి శుభ్రం చేసి, ముల్లుతో సహా కరకరలాడేలా వేయిస్తారు. మిగిలినవాటిని ఉప్పు పట్టించి కట్టపై ఆరబెడతారు. ఎండు పరకలతో వంకాయ కలిపి వండిన కూర వాన లేని రోజులలో చాలా ఇళ్లకు ఆదరువు.

చెరువు అడుగంటిన ఒక ఏడాది ఆ అవ్వకు, ఆమె మనవనికి వాదం జరిగింది. తూము దగ్గర పల్లంగా ఉన్నచోట బురద ఇంకా మెత్తగా ఉంది. అందులో కొరమీనులు దాగి ఉన్నాయని అందరికీ తెలుసు. గునపాలతో తవ్వితే బుట్టెడు దొరుకుతాయి. పట్టణంలో కొరమీను ధర బొచ్చె ధరకు రెండింతలకు పైమాటే. ఆ ఏడు చెనిక్కాయ పంట పోయింది. మనవనికి బెంగళూరుకు పనికి పోవడానికి బస్సు చార్జీలు కూడా లేవు. అతడు గునపం పట్టుకొని బయలుదేరాడు.

"ఆ మడుగు జోలికి పోవద్దు నాయనా" అంది అవ్వ. "తడి ఉండేంతవరకు అవి బతుకుతాయి. వానకు ఇడిసిపెట్టు."

"మనం ఇడిస్తే రాత్రికి పక్కూరోళ్లు తవ్వుకొని పోతారవ్వా."

"వాళ్లు తవ్వితే తవ్వనీ. మన చేత్తో మనం తవ్వద్దు."

ఈ వాదంలో ఎవరిది న్యాయమో చెప్పడం సులభం కాదు. చెరువును వేలంలో పాడుకొని డబ్బు కట్టినవానికి చివరి చేప వరకు కావాలి. ఆకలి ఉన్నవానికి ఈనాటి ముద్ద కావాలి. అవ్వ మాటకు ఆధారం శాస్త్రం కాదు, చూసిన కరవుల లెక్క. మనవడు ఆ రోజు గునపం గోడకు ఆనించాడు. పక్క ఊరివారు కూడా రాలేదు. అయితే ఆ జ్యేష్ఠంలో వాన రాలేదు, ఆషాఢంలోనూ రాలేదు. బురద గట్టిపడి, నెర్రెలు విచ్చి, లోపలి చేపలు ఎండి కట్టెలైనాయి. మనవడు అప్పుచేసి బెంగళూరు వెళ్లాడు. అవ్వను ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు.

ఇటీవలి కాలంలో ఆ సీమ చేపల కథ మారింది. తుంగభద్ర ఎగువ కాలువ నీరు మిడ్ పెన్నార్, పెన్నహోబిలం జలాశయాలకు చేరడం పాత సంగతే. హంద్రీ-నీవా పథకం ద్వారా శ్రీశైలం నుండి ఎత్తిపోసిన కృష్ణా నీరు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరింది. ఆ నీటిలో పుట్టిపై తిరుగుతూ వలలు వేసే బెస్తలకు ఏడాదిలో ఎక్కువ కాలం పని దొరుకుతున్నది. కొల్లేటి పరిసరాలలో పెంచిన బొచ్చె, రోహు మంచు నింపిన పెట్టెలలో దేశం నలుమూలలకూ పోతున్నాయి. అనంతపురం బజారులోనూ అవి కనిపిస్తాయి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియాను జనం 'జిలేబి' అని ముద్దుగా పిలుస్తున్నారు గాని, అది చెరువులో చేరితే గుడ్లను, పిల్లలను నోటిలో దాచుకొని పెంచి, తక్కిన చేపలకు చోటు లేకుండా చేస్తుంది. నిషేధించిన ఆఫ్రికా జాతి మార్పును అసలు మార్పుగా అమ్మేవారు కూడా లేకపోలేదు. నీరు పెరిగింది, చేప పెరిగింది. ఊరివారు మాత్రం తగ్గుతున్నారు. లోతైన బోర్లు భూగర్భాన్ని పీల్చేస్తుంటే, కాలువ అందని చిన్న చెరువుల బురదలో తడి వైశాఖం దాకా కూడా నిలవడం లేదు. యంత్రాలతో పూడిక తీసేటప్పుడు ఆ మట్టిలో ఏముందో చూసేవారు అరుదు.

అవ్వ బతికి ఉండగానే మరొక ఏడు చెరువు ఎండింది. ఆ యేడు మడుగును తవ్వలేదు. మృగశిర కార్తెలో ఇంటింటా చేప తినాలన్న ఆచారం ప్రకారం మనవడు బెంగళూరు నుండి వస్తూ పట్టణపు బజారులో మంచులో పెట్టిన బొచ్చె కొని తెచ్చాడు. ఆమె వండింది, బాగుందనే చెప్పింది. ఆ వారంలోనే వాన పడింది. చెరువులోకి మోకాలిలోతు నీరు వచ్చిన నెలన్నరకు ఆమె మనవని భుజం పట్టుకొని కట్టపైకి నడిచింది. తూము దగ్గర నీటిపై ఎర్రని మరక ఒకటి కదులుతున్నది. వేలెడైనా లేని కొరమీను పిల్లల గుంపు అది. వాటి కింద, నీటిలో నల్లగా తల్లి చేప నీడ. మనవడు అలవాటుగా ఊత కోసం చుట్టూ చూశాడు. అవ్వ అతని చేయి పట్టుకొని, ఆ ఎర్రని మరక గడ్డిలోకి జరిగేదాకా అక్కడే కూర్చుంది.