ఒక సగటు ఆట గురించి

సాహిత్యంలో గొప్ప రచనల గురించి మాట్లాడటం తేలిక. నాసిరకం రచనలను తిట్టటం ఇంకా తేలిక. చిక్కంతా మధ్యరకంతో వస్తుంది. ప్రబంధయుగం అనగానే మేము క్లాసులో మనుచరిత్ర, వసుచరిత్ర అంటాం. వాటిని చూసి రాసినవీ, వాటిని చూసి రాసినవాటిని చూసి రాసినవీ మాకు అక్కరలేదు. కాని ఒక కాలంలో జనం దేనితో పొద్దుపుచ్చారో, ఎటువంటి కోరికలు మామూలు కోరికలుగా చలామణీ అయినాయో తెలియాలంటే మధ్యరకం సరుకునే తిరగవెయ్యాలి. 'పాతాళభైరవి' (1951) తియ్యటానికి ప్రతిభ కావలసివచ్చింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి వచ్చిన కత్తియుద్ధాల చిత్రాలలో చాలావాటికి 'పాతాళభైరవి' బాగా ఆడిందన్న జ్ఞాపకం ఒక్కటే సరిపోయింది. ఆ వ్యాపారం గుట్టు బయటపడేది ఈ రెండోరకం చిత్రాలలోనే.

వీడియో గేముల సంగతి కూడా ఇంతే. మన మిత్రులలో వీటి గురించి ఆలోచించే కొద్దిమందీ 'డిస్కో ఎలీసియం' (2019) పేరు చెప్పి తృప్తిపడుతున్నారు. ఎస్టోనియా రచయితలు తయారుచేసిన ఆట అది. అందులో కత్తియుద్ధాలు లేవు. విప్లవం ఓడిపోయిన నగరంలో, ఒళ్ళు తెలియకుండా తాగి తన పేరే మరిచిపోయిన ఒక డిటెక్టివు కథ. బహుమతి అందుకుంటూ దాని రచయితలలో ఒకామె మార్క్సుకూ ఎంగెల్సుకూ కృతజ్ఞత చెప్పింది. గొప్ప ఆటే, కాదనను. కాని దాన్ని ఆడిన విద్యార్థి నాకింతవరకు తారసపడలేదు. నేనైనా నూరు గంటలకు తక్కువ కాకుండా ఆడింది అది కాదు. ఒక సగటు ఆట ఆడాను. దాని పేరు 'కింగ్‌డమ్స్ ఆఫ్ అమలూర్: రెకనింగ్'.

ఆ రోజుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. 2020లో కాలేజీలు మూతపడినాయి. నేను అప్పుడు పనిచేస్తున్న ప్రైవేటు కాలేజీవారు ఏప్రిల్ నుంచి జీతాలు నిలిపేశారు. కొన్నాళ్ళకు ఫోనులో పాఠాలు చెప్పమన్నారు, చెప్పాం. జీతం మాట ఎత్తితే "ఫీజులు వసూలు కానివ్వండి మాస్టారూ" అనేవారు. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, ఇంటినుంచే పని చెయ్యమన్నారని కంప్యూటరుతో సహా వచ్చేశాడు. పగలంతా వాడు దానిమీద కంపెనీ పని చేసుకునేవాడు. ఒకనాటి రాత్రి భోజనాలయినాక, "నువ్వు కథల మనిషివి గదా అన్నయ్యా, ఇది చూడు" అని ఈ ఆట పెట్టి ఇచ్చాడు. 2012లో వచ్చిన ఆటకు మెరుగుపెట్టి 2020 సెప్టెంబరులో మళ్ళీ విడుదల చేశారు. వాడు కొన్నది అది.

ఇటువంటి వాటిని రోల్ ప్లేయింగ్ గేములంటారు. పాత్రధారణ ఆటలు అనవచ్చు. ఈ జాతి 1974లో అమెరికాలో పుట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను ప్రచురించారు. అప్పటికి అది కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట. నలుగురు బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు యోధుడో మాంత్రికుడో అయి ఆ కథలో తిరుగుతారు. సైన్యాల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడలలోనుంచి వచ్చింది కనక ప్రతిదానికీ అంకె ఉంటుంది. ప్రాణానికి అంకె, బలానికి అంకె, అనుభవానికి అంకె. ఆ మొదటి నిబంధనలలో ఒకటి నాకు ఎంతో నచ్చింది. భూగర్భంలోనుంచి ఎన్ని బంగారు నాణాలు బయటికి తెస్తే అన్ని అనుభవాంకాలు కలుస్తాయి! అనుభవం అంటే ఏమిటన్న ప్రశ్నకు పెట్టుబడిదారీ సమాజం ఇంత నిర్మొహమాటంగా జవాబు చెప్పటం నేను మరెక్కడా చూడలేదు.

అయినా బల్లచుట్టూ ఉన్నవాళ్ళు మనుషులు. రాక్షసుడితో బేరం పెట్టవచ్చు. కథ నడిపేవాణ్ణి నవ్వించి గండం గట్టెక్కవచ్చు. 1981లో 'విజార్డ్రీ', 'అల్టిమా', 1986లో జపానులో 'డ్రాగన్ క్వెస్ట్' వంటివి వచ్చి ఈ ఆటను యంత్రం మీద స్థిరపరిచినాయి. యంత్రానికి లెక్కలు వచ్చుగాని మాటలు రావు. కనక లెక్కలు మిగిలినాయి. ప్రతిభ గల రచయితలు ఆ లెక్కల మధ్య మాటలకు మళ్ళీ చోటు చేస్తారు. సగటు ఆటలో లెక్కలే ఎముకల్లాగా పైకి కనిపిస్తాయి.

అమలూరుకు పనిచేసినవారివి చిన్న పేర్లు కావు. ఆర్.ఎ. సాల్వటోర్ అనే నవలాకారుడు ఆ కల్పిత లోకానికి పదివేల సంవత్సరాల చరిత్ర సమకూర్చాడు. టాడ్ మక్‌ఫార్లేన్ అనే బొమ్మల కథల చిత్రకారుడు దాని రూపురేఖలు చూశాడు. రూపకర్తల పెద్ద కెన్ రోల్‌స్టన్ అంతకుముందు 'మారోవిండ్' (2002), 'ఒబ్లివియన్' (2006) అనే పేరున్న ఆటలకు అదే పని చేసినవాడు. వచ్చినప్పుడు సమీక్షకులు నూటికి ఎనభై దరిదాపుల్లో మార్కులు వేశారు. పేపర్లు దిద్దేవాణ్ణి కనక చెబుతున్నాను, ఆ రంగంలో ఎనభై అంటే మన దగ్గర సెకండుక్లాసు. కత్తి తిప్పటం మటుకు నిజంగా బాగుంటుంది. చేతికి హాయిగా ఉంటుంది. ఆ ఒక్కదానికి నేను ఫస్టుక్లాసే వేస్తాను.

కథ ఇది. నాయకుడు చచ్చి శవమై ఉండగా కథ మొదలవుతుంది. ఆత్మల బావి అనే యంత్రం వాణ్ణి బతికిస్తుంది. ఆ లోకంలో ప్రతివాడి నుదుటిరాతా ముందే నేసి ఉంటుంది, దాన్ని చదివి చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. చచ్చి బతికిన మన నాయకుడికి మాత్రం రాత లేదు. వాడు తలుచుకుంటే ఇతరుల రాత కూడా మారుతుంది. ఇది నాకు మొదట్లో ఎంతో ఆశగా కనిపించింది. తరవాత అర్థమయింది. అందరికీ విధి, ఒక్కడికే స్వేచ్ఛ అనేది పాత సరుకే. అంతకంటె తమాషా ఏమిటంటే, విధిలేని ఈ నాయకుడంత విధేయుడు ఆ లోకంలో మరొకడు లేడు. ఎవరు ఏ పని చెబితే ఆ పని చేస్తాడు. గోర్‌హార్ట్ అనే పల్లె చేరగానే పనులు మొదలవుతాయి. ఒకరి సామాను ఎక్కడో పోతుంది, ఒకరి మనిషి తిరిగి రాడు, ఒకరికి అడవిలో జంతువుల బెడద. కూతవేటు దూరంలో జరిగేదానికి ఊరంతా చేతులు ముడుచుకుని బాటసారి కోసం చూస్తూ ఉంటుంది. ఇద్దరు గ్రామస్థులు కలిసి ఒక పనికి పూనుకోవటం ఆ నూరు గంటలలోనూ నా కంటపడలేదు.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో గోపకుమారుడు మజిలీ చేరగానే ఊళ్ళో పడి తిరుగుతాడు, ఏదో వింత చూసి వస్తాడు, దాని సంగతి చెప్పమని మణిసిద్ధుణ్ణి పట్టుకుంటాడు. ఆ కుర్రవాడి కుతూహలం లేకపోతే కథ లేదు. అమలూరులో కుతూహలానికి పని లేదు. పని చెప్పేవాడి నెత్తిమీద ఆశ్చర్యార్థకం గుర్తు వెలుగుతూ ఉంటుంది. గుర్తు లేనివాడికి కథ లేదన్నమాట.

ఒకచోట మాత్రం నేను లేచి కూర్చున్నాను. పాటల ఇల్లు అనదగిన ఒక కూటమి ఉన్నది. అందులోని యక్షులు పూర్వగాథలలోని పాత్రలు ధరించి, అవే గాథలను తరతరాలుగా మళ్ళీమళ్ళీ నడిపిస్తూ ఉంటారు. వీరుడు గెలవాలి, దుష్టురాలు ఓడాలి. ఈసారి దుష్టపాత్ర ధరించినామె ఓడటానికి ఒప్పుకోదు. మన వీధినాటకాలు ఎరిగినవాడికి ఇది ఎంత పెద్ద వస్తువో వేరే చెప్పనక్కరలేదు. ఒక వర్గానికి ఎల్లప్పుడూ ఓడే వేషమే ఎవరు ఇచ్చారు? ఆ ప్రశ్నను ఆట లేవనెత్తి, రెండడుగులు వేసి, మళ్ళీ మన చేతికి కత్తి ఇస్తుంది. సగటు రచన లక్షణం ఇదే. దానికి మంచి ఊహలు తట్టకపోవు. వాటి వెంట నడిచే ఓపిక దానికి ఉండదు.

ఇన్ని లోపాలు తెలిసి నేను రోజూ రాత్రి రెండింటిదాకా ఎందుకు ఆడినట్టు? మా సంఘంలో ఒక పెద్దాయనకు ఈ మాట చెబితే "నల్లమందు" అని తేల్చేశాడు. నాకు తృప్తి కలగలేదు. నల్లమందు లెక్కలు రాయదు. ఈ ఆట అణాపైసలతో లెక్క రాస్తుంది. ఒక జంతువును చంపితే ఇన్ని అంకాలు. ఒక పని చేసిపెడితే ఇంత బంగారం, ఇన్ని అంకాలు. అంకాలు నిండగానే ఒక మెట్టు పైకి. బలం, నేర్పు, మంత్రం అనే మూడు పద్దులున్నాయి, వచ్చినదాన్ని మనకు తోచిన పద్దులో జమ వేసుకోవచ్చు. చెప్పిన పని చేసినవాడికి చెప్పిన ప్రతిఫలం ఆ క్షణాన ముడుతుంది. బకాయి లేదు, కోత లేదు, "వసూలు కానివ్వండి" లేదు.

మా ఆవిడ ఒకనాటి రాత్రి మంచినీళ్ళకు లేచి, నా వెనక కాసేపు నిలబడి చూసి, "మీకు ఆ ఊళ్ళోనన్నా జీతం ఇస్తున్నారా?" అన్నది. నేను చదివిన విమర్శగ్రంథాలలో దేనిలోనూ ఈ ఆటల మీద ఇంత సూటి వ్యాఖ్య లేదు. ఆటలోకి పోయేవాడు పని తప్పించుకుని పోతాడనుకుంటాం. నేను పనిలోకే పోయాను. పగలు జీతం లేని పని చేసి, రాత్రి జీతం ఉన్న పని చేశాను. గొప్ప ఆట అయితే నన్ను ఇట్లా ఊరడించేది కాదేమో. అది ఏదో అడిగి ఉండేది. సగటు ఆట ఏమీ అడగదు, కూలి మాత్రం సక్రమంగా లెక్కకట్టి ఇస్తుంది. పని దొరకని డిగ్రీవాళ్ళు, దొరికినా అరజీతాలవాళ్ళు ఇటువంటి ఆటలకు అతుక్కుపోతే వాళ్ళ రుచిని ఎత్తిపొడవటానికి నాకు నోరు రాదు.

ఆ ఆట తయారయిన చరిత్ర నాకు అప్పుడు తెలియదు, మరుసటి సంవత్సరం తెలిసింది. 38 స్టూడియోస్ అనే సంస్థను కర్ట్ షిల్లింగ్ అనే బేస్‌బాల్ ఆటగాడు స్థాపించాడు. 2010లో రోడ్ ఐలండ్ రాష్ట్రం తమ దగ్గర ఉద్యోగాలు పెరుగుతాయని చెప్పి దాని అప్పుకు 7.5 కోట్ల డాలర్లవరకు హామీపడి, మసాచుసెట్స్ నుంచి తన గడ్డకు రప్పించుకున్నది. అక్కడ సిద్ధం చేస్తున్నది ఇంతకంటె చాలా పెద్ద ఆట, వేలమంది ఒకేసారి ఆడేది. అది బయటికే రాలేదు. మేరీలాండులో ఉన్న బిగ్ హ్యూజ్ గేమ్స్ అనే శాఖ ప్రధానంగా తయారుచేసిన అమలూరు 2012 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి మూడు నెలల్లో 12 లక్షల ప్రతులు పోయినాయని షిల్లింగ్ అన్నాడు. పెట్టుబడి తిరిగిరావాలంటే 30 లక్షలు పోవాలని రాష్ట్ర గవర్నరు అన్నాడు. మే నెలలో జీతాలు ఆగిపోయినాయి. మే 24న రెండుచోట్లా కలిపి నాలుగువందలకు కాస్త తక్కువమందిని ఒక్కరోజున తీసేశారు. జూన్‌లో సంస్థ దివాలా దాఖలు చేసింది.

అంటే కూలి క్షణం ఆలస్యం కాకుండా ముట్టే ఆ లోకాన్ని కట్టినవాళ్ళకు కూలి ముట్టలేదు. 2018లో టీహెచ్‌క్యూ నార్డిక్ అనే మరో సంస్థ హక్కులు కొన్నది. 2020లో మా తమ్ముడు ఇచ్చిన డబ్బు చేరింది హక్కుదారులకు. పాత ఉద్యోగులకు 2021లో, అంటే తొమ్మిదేళ్ళ తరవాత, దివాలా ఆస్తిలోనుంచి రావలసినదానిలో ఐదోవంతుకు మించని డబ్బు వస్తుందన్నారు.

ఆ వార్త చదివిన రోజుల్లోనే మా కాలేజీనుంచి కబురు వచ్చింది. బాకీపడిన నెలలకుగాను రెండు నెలల జీతం ఇస్తామన్నారు. మిగతా బాకీ ఏమీ లేదని రాసి సంతకం పెట్టాలి. మేము పదకొండుమందిమి వరండాలో బెంచీలమీద కూర్చున్నాం. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. నాకు ముందు వెళ్ళిన లెక్కల మాస్టారు కవరు జేబులో పెట్టుకుని, మా వైపు చూడకుండా మెట్లు దిగిపోయారు. అందరం కలిసి లోపలికి వెళదామని మాలో ఎవరమూ అనలేదు. నేనూ అనలేదు. నా పేరు పిలిచారు. రెవెన్యూ స్టాంపు అంటించే ఉన్నది, కలం కూడా వాళ్ళే ఇచ్చారు.