ఆపినా మరువని యంత్రం

హ్యూలెట్-పాకార్డ్ కంపెనీవారు 1975లో హెచ్.పి.-25 అనే ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటరును విడుదల చేశారు. చేతిలో ఇమిడే ఆ యంత్రానికి 49 మెట్ల ప్రోగ్రాము చెప్పవచ్చు. అంకెలు దాచుకునేందుకు 8 గదులున్నాయి. స్విచ్చి తీస్తే మాత్రం చెప్పినదంతా హుళక్కి! మళ్ళీ మొదటి మీట నుంచి నొక్కుకుంటూ రావలసిందే.

1976లో హెచ్.పి.-25సి వచ్చింది. అవే మీటలు, అవే ఎర్రటి అంకెలు, అదే 49 మెట్లు. పక్కపక్కన పెడితే పేరు చివరి ‘సి’ తప్ప తేడా కనిపించదు. తేడా అంతా లోపలే. జ్ఞాపకం పెట్టుకునే పనిని సీమాస్ చిప్పులకు అప్పగించారు. వాటికి కావలసిన కరెంటు అత్యల్పం. కనుక యంత్రాన్ని ఆపినా బ్యాటరీ నుంచి ఆ కాస్తా అందుతూనే ఉంటుంది, ప్రోగ్రాము చెరగదు.

సెలవుల్లో ఈ సంగతి మా నాన్నకు చెప్పాను. ఆయన బడి ముఖం చూడలేదు. ఏ పంటకు ఎంత పెట్టుబడి, ఏ కొట్టులో ఎంత బాకీ, అన్నీ నోటిలెక్కే. అంతా విని, “మరి నీ చదువు ఏ రకంరా? పరీక్ష అయ్యాక ఉండేదా, పోయేదా?” అన్నారు.

మిత్రులారా, మార్కుల జాబితాలో రెండు రకాల చదువులూ ఒకేలా కనిపిస్తాయి. కానీ నా చదువు కోసం మా ఎకరం పొలం తాకట్టులో ఉంది. సెమిస్టరు ముగిసిన మర్నాడే పాఠం చెరిగిపోతే ఆ ఎకరానికి నేనేం జవాబు చెప్పాలి?