నక్కవాగు దగ్గర మొదలయ్యే సముద్రం

సముద్ర జీవుల మీద వచ్చే పిల్లల బొమ్మల పుస్తకాలు చాలావరకు నీళ్ల అడుగునే మొదలవుతాయి. అట్ట తిప్పగానే పేజీ నిండా నీలం. పగడపు దిబ్బలు, చారల చేపలు, ఒక మూల నుంచి తొంగిచూసే ఆక్టోపస్. మేముండే డెట్రాయిట్ శివారులో, ఊరి లైబ్రరీలో, ఇలాంటివి ఒక బీరువా నిండా ఉంటాయి. మా అమ్మాయి వాటితోనే పెరిగింది. లియో లియోనీ 1963లో తెచ్చిన ‘స్విమ్మీ’ని ఎన్నిసార్లు చదివించుకున్నా దానికి తనివి తీరేది కాదు. సముద్రపు గుర్రాల్లో గుడ్లను పొట్ట సంచిలో మోసేది తండ్రేనని నాకు తెలిసింది కూడా ఎరిక్ కార్ల్ ‘మిస్టర్ సీహార్స్’ చదివి వినిపిస్తున్నప్పుడే. ఆ పుస్తకాలంటే నాకు ప్రేమ. ఇండియాకు వెళ్లిన ప్రతిసారీ మా అన్నయ్య పిల్లల కోసం కొన్ని పెట్టెలో పెట్టుకునే వెళ్తాను.

కానీ హైదరాబాద్ పక్కన మా పారిశ్రామికవాడ పటాన్‌చెరులో పెరిగే పిల్లకు ఆ నీలం రంగు పేజీ తనకు సంబంధం లేని లోకంలాగే కనిపిస్తుంది. దగ్గరి సముద్ర తీరానికి పోవాలన్నా ఒక రాత్రి ప్రయాణం. తనకు తెలిసిన నీళ్లు సాకి చెరువు, నక్కవాగు. వాటికీ ఆ ఆక్టోపస్‌కూ మధ్య ఏముందో చెప్పే పుస్తకం ఆమె చేతిలో పడలేదు. నాకు కావాల్సింది ఆ పుస్తకం.

అలాంటిది అమెరికాలో ఎప్పుడో వచ్చింది. హాలింగ్ సి. హాలింగ్ 1941లో రాసి, బొమ్మలు వేసిన ‘ప్యాడిల్ టు ది సీ’. కెనడాలో నిపిగన్ ప్రాంతపు ఆదివాసీ పిల్లవాడు ఒక చిన్న పడవను, అందులో కూర్చున్న మనిషిని చెక్కతో చెక్కి, కొండ మీది మంచులో పెట్టి వస్తాడు. మంచు కరుగుతుంది. పడవ వాగులోకి, వాగు నుంచి సుపీరియర్ సరస్సులోకి, అలా అయిదు మహా సరస్సులూ నయాగరా జలపాతమూ దాటి సెయింట్ లారెన్స్ నది మీదుగా అట్లాంటిక్ చేరుతుంది. సుపీరియర్‌ను తోడేలు తలలా, ఒంటారియోను క్యారెట్‌లా గీసి చూపిస్తాడు రచయిత. పటం అలా పిల్లల మనసులో ఉండిపోతుంది. నాకు ఇంకా నచ్చేది, దారిలో ఉన్నదేదీ ఆయన దాచకపోవడం. పడవ రంపపు మిల్లులోకి కూడా పోతుంది, ఖనిజం మోసే ఓడల పక్కనుంచీ పోతుంది.

మా వాగుకూ అంత దారి ఉంది. నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. మంజీర మెదక్ దగ్గర ఏడుపాయల్లో పాయలుగా చీలి, మళ్లీ ఒక్కటై, నిజాంసాగర్‌లో ఆగి, కందకుర్తి దగ్గర గోదావరిలో చేరుతుంది. అక్కడి నుంచి భద్రాచలం, పాపికొండలు, ధవళేశ్వరం, చివరికి అంతర్వేది. ఇది ఒక దారి. రెండోది మనుషులు వేసింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేశాక 18 కిలోమీటర్ల పైపులైన్‌లో హైదరాబాద్ వైపు పంపి, అంబర్‌పేట కేంద్రం మీదుగా మూసీలోకి వదిలారు. మూసీ కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో. అంటే మా పారిశ్రామికవాడ నీళ్లు రెండు నదుల వెంట బంగాళాఖాతం చేరుతున్నాయి. ఇంతటి కథ ఏ ఊరికుంది?

ఇందులో చేదు కూడా ఉంది, దాన్ని తీసేసి పుస్తకం వేయొద్దు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కన్నా అది ఎక్కువ. ఆరేళ్ల పిల్లకు ఈ అంకెలు అక్కర్లేదు. అయితే వాగులో నురగ ఎందుకుందో బొమ్మలో కనబడాలి. ఎందుకంటే ఆ నురగను ఆమె బడికి పోతూ రోజూ చూస్తోంది. అదే మంజీర మీద సంగారెడ్డి దగ్గర అభయారణ్యం ఉంది, 1978లో ప్రకటించారు, అందులో మొసళ్లున్నాయి. ఆ మొసలికీ ఒక పేజీ ఇవ్వాలి. చేదు చూపిస్తే పిల్లలు భయపడతారనుకోవద్దు. మేమిప్పుడు ఉంటున్న డెట్రాయిట్ వైపు రూజ్ నది కూడా ఫ్యాక్టరీల నది. చమురు తెట్టుకు నిప్పంటుకుని 1969లో మండింది. ఈ ఊరి పిల్లలకు టీచర్లు ఆ సంగతి చెప్తారు. విన్నంత మాత్రాన పిల్లలు బెదిరిపోలేదు, నది ఒడ్డు శుభ్రం చేయడానికి వస్తున్నారు.

సముద్రాన్ని ఎరిగినవాళ్లు పటాన్‌చెరులో లేరనుకోకండి. ఇస్నాపూర్‌లో మా అన్నయ్య ఇంటి వెనుక కిరాయి గదుల వరుస ఉంది. ఒడిశా, బీహార్, శ్రీకాకుళం నుంచి పనికొచ్చినవాళ్లుంటారు. పోయినసారి నా మేనకోడలు, “అత్తమ్మా, ఇది చదువు” అంటూ తాబేలు పుస్తకం తెచ్చి గడప మీద కూర్చుంది. శ్రీకాకుళం తీరంలోని బారువ వైపు నుంచి వచ్చిన ఒకామె బియ్యం ఏరుతూ విని, చేట పక్కన పెట్టి, పుస్తకం అందుకుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తాబేలు పిల్లలు ఇసుక మీద నడుస్తున్న బొమ్మ అది. “రాత్రిపూట కదమ్మా అవి వచ్చేది? వెలుతురు ఎటుంటే అటే పోతాయి. ఊళ్లో దీపాలు కనబడితే ఇటే వచ్చేస్తాయి పాపం” అంది. తల్లి తాబేలు గుడ్లు పెట్టి వెళ్లాక ఇసుకలో జాడ ఎలా ఉంటుందో, ట్రాక్టర్ పోయినట్టు ఉంటుందంటూ, నేల మీద వేలితో గీసి చూపించింది. మేనకోడలు పుస్తకం వదిలేసి ఆమె పక్కన చేరింది. ఆమె చెప్పిందంతా నిజం. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్క గుంటలో వంద దాకా గుడ్లు పెడుతుంది, గుడ్లు పగిలి పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది.

ఆమెలాంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాస్తే పుస్తకం వస్తుంది. తెలుగులో బొమ్మల పుస్తకాలు వేసేవాళ్లు లేక కాదు: మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్ ఉన్నాయి. సముద్రం దగ్గర కథ ఆపేయొద్దని మాత్రం నా మనవి. సముద్రంలో పెరిగిన పులస వరద నీటికి గోదావరిలో ఎదురీదుతూ ధవళేశ్వరం దాకా వస్తుంది, ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. వాగు వెంట కిందికి పోయిన పిల్ల ఆ చేపతో పాటు పైకి తిరిగి రావాలి. బొమ్మలు వేసేవాళ్లు ఫోటోలు చూసి వేయకుండా తొలకరికి నక్కవాగు ఒడ్డుకు, ఆగస్టులో ధవళేశ్వరానికి, ఫిబ్రవరిలో రాత్రివేళ బారువ ఇసుకలోకి వెళ్లి రావాలి. వాళ్ల దారిఖర్చు నేను పెట్టుకుంటాను. ఇస్నాపూర్‌లో బస ఏర్పాటు అన్నయ్య చూస్తానన్నాడు.