సులై దాటితే ఒంటెల లోకం

సులై అనగానే మన వాళ్ళకి గుర్తొచ్చేవి గోదాములు, ట్రక్కులు, వర్క్‌షాపులు. రియాద్ ఆగ్నేయపు అంచున ఉన్న ఈ పేటలో ఒంటె కనబడితే, కాళ్ళు కట్టి పికప్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్తున్నప్పుడే! అదే దమ్మాం రోడ్డెక్కి దహ్నా ఎర్ర ఇసుక తిన్నెల వైపు వెళ్ళండి, కంచె అవతల మందలే మందలు. నల్లవాటిని మజాహీమ్ అంటారు, తెల్లవాటిని మగాతీర్. 2024ని సౌదీ ప్రభుత్వం ఏకంగా ఒంటెల సంవత్సరంగా జరిపింది.

మూపురంలో నీళ్ళుంటాయని చిన్నప్పుడు అందరం వినే ఉంటాం. ఉండేది కొవ్వు. అదంతా ఒకేచోట ఉండబట్టి మిగతా ఒంట్లోంచి వేడి సులువుగా బయటికి పోతుంది. అసలు కిటుకు వేరే ఉంది. మనకి ఒక డిగ్రీ పెరిగితే జ్వరం. నీళ్ళు దొరకని ఒంటె ఒళ్ళు తెల్లవారుజామున 34 డిగ్రీలకి దిగి, మధ్యాహ్నానికి 40 దాటుతుంది. చెమట రూపంలో నీరు పోగొట్టుకోకుండా పగటి వేడిని దాచుకుని, రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. 1950లలో సహారాలో ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త ఇది కొలిచి చూపించాడు. బరువులో నాలుగో వంతు నీరు పోయినా ఒంటె తట్టుకుంటుంది, తర్వాత పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్లు తాగేస్తుంది. కోలగా ఉండే దాని ఎర్ర రక్తకణాలు అంత నీటికీ పగిలిపోవు.

హిమాలయాల జడలబర్రెకి చలి ఎలాగో దీనికి ఎండ అలాగ అనుకుంటాం. తమాషా ఏమిటంటే ఒంటెల పూర్వీకులు ఉత్తర అమెరికావి! కెనడా ఉత్తర కొసన, ఎల్స్‌మియర్ దీవిలో దొరికిన ఒంటె ఎముక గురించి 2013లో ప్రకటించారు. మూపురం మొదట పనికొచ్చింది మంచులోనేమో.

సరే, ఒంటె శరీరం తట్టుకుంటుంది. దాన్ని కాసే మనిషి? ఒంటె ఓర్చుకునే నీటి నష్టంలో సగానికే మనిషి ప్రాణం మీదికొస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి డ్రైవరు పని అనో, తోట పని అనో నమ్మి వచ్చి, దిగాక మజ్రాలో ఒంటెల దగ్గర తేలిన మన వాళ్ళున్నారు. 2024లో "ఆడుజీవితం" సినిమా తెలుగులోనూ వచ్చాక ఈ గోడు నలుగురికీ తెలిసింది. ఎడారి మధ్య కఫీల్ ట్యాంకరు పంపితేనే నీళ్ళు. పైగా 2012లో ఇక్కడే బయటపడ్డ మెర్స్ వైరస్ ఒంటెల నుంచి మనుషులకి సోకుతుంది. కాబట్టి పచ్చిపాలు తాగకూడదు, మందలో తిరిగొచ్చాక చేతులు కడుక్కోవాలి.

ఊరి నుంచి ఎవరైనా బయల్దేరుతుంటే వీసా కాగితం మీద వృత్తి ఏం రాశారో ముందే చదివించమనండి. "రాయీ" అంటే కాపరి, "ఇబిల్" అంటే ఒంటెలు. అరబిక్ వచ్చిన ఊరి మౌల్వీసాబుకి చూపిస్తే రెండు నిమిషాల పని.