కిక్కులో పట్టు పోతే

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల మోత దాటి లోపలి సందుల్లోకి వెళ్తే, లేతు షెడ్ల మధ్యలో ఒక బుల్లెట్ షెడ్డు ఉంది. కుడివైపు గేరు, హ్యాండిల్ మీద కంప్రెషన్ వదిలే డీకంప్ లివరు ఉన్న పాత కాస్ట్ ఐరన్ 350 బండ్లే అక్కడికి ఎక్కువగా వస్తాయి. 2010 ప్రాంతంలో ఆ ఇంజన్ల తయారీ ఆగిపోయింది. అందుకే ఉన్నవాటిని ఎలా విప్పుతారు, అసలు ఎప్పుడు విప్పుతారు అన్నది చూడాలని వెళ్లాను.

గుడివాడ వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన ముందురోజే బండి వదిలి వెళ్లి, ఆ రోజు మళ్లీ వచ్చారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతుంది, వేడెక్కి ఆగితే మళ్లీ లేవదు, ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు. “బోరు పోయింది, పిస్టన్ మార్చాలన్నారండీ వేరే షెడ్డులో” అన్నారాయన. “ఎలా చూసి చెప్పారు?” అని అడిగాడు మేస్త్రీ. చూడలేదు. కిక్కు కొట్టి చెప్పేశారు.

మేస్త్రీ కూడా కిక్కుతోనే మొదలుపెట్టాడు, కానీ తాళం తీసేసి. పిస్టన్ పైకొచ్చి కంప్రెషన్ అందేదాకా నెమ్మదిగా నొక్కి, ఆ కిక్కు రాడ్డు మీద నిలబడ్డాడు. బాగున్న ఇంజన్ అయితే ఆ రాడ్డు మనిషి బరువును కాసేపు ఆపి, మెల్లగా దిగుతుంది. ఇది వెంటనే దిగిపోయింది. గాలి ఎటో పోతోంది, అంతవరకే తేలింది. ఎటు పోతోందో చెప్పడం కిక్కు వల్ల కాదు.

ఇంజన్ ఇంకా చల్లగానే ఉంది కాబట్టి ట్యాపెట్ కవరు తీశాడు. రెండు వాల్వులూ మూసుకున్నప్పుడు పుష్‌రాడ్డు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇన్‌లెట్‌ది తిరిగింది. ఎగ్జాస్ట్‌ది బిగుసుకుపోయి కదల్లేదు. అంటే ఆ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. మూసుకుని సీటుకు ఆనినప్పుడే వాల్వు తన వేడిని హెడ్డుకు వదలగలదు. ఆ అవకాశం లేక కాలిపోతుంది. రెండు స్పానర్లతో దాన్ని సరిచేసి, డీకంప్ వాల్వు కూడా విప్పేసి ఆ కంతకు బోల్టు బిగించాడు. కేబుల్ కాస్త బిగువైనా ఆ చిన్న వాల్వు తెరుచుకునే ఉండి కంప్రెషన్ తినేస్తుందట.

బండి స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చాక ప్లగ్గు తీసి గేజి పెట్టాడు. “యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోరా!” అని కుర్రాడికి చెప్పాడు. అది మూసి ఉంటే లోపలికి గాలి చాలక మంచి ఇంజన్ కూడా తక్కువే చూపిస్తుంది. ముల్లు ఇక ఎక్కనంటూ నిలిచేదాకా కిక్కులు కొట్టారు. 60 దగ్గర ఆగింది. ఈ రకం బండికి నూరు పౌండ్లకు అటూ ఇటూగా ఉండాలన్నది మేస్త్రీ లెక్క.

తర్వాత ప్లగ్గు కంతలో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొట్టించాడు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందుల్ని కాసేపు మూస్తుంది, ముల్లు పైకి లేస్తుంది. ఇక్కడ లేవలేదు. అప్పుడే బోరు మీద సగం అనుమానం పోయింది. ఇక టాప్ గేరులో వేసి, బ్రేకు తొక్కి పట్టించి, పిస్టన్ పైన ఉండగా కంప్రెసర్ గాలి ఎక్కించాడు. గేరు, బ్రేకు లేకపోతే ఆ గాలికి పిస్టన్ కిందికి నెట్టుకుపోతుంది. కార్బొరేటరు మూతి దగ్గర చప్పుడు లేదు, ఆయిల్ మూత దగ్గరా లేదు, హెడ్డు జాయింటుకు రాసిన సబ్బునీళ్లు పొంగలేదు. సైలెన్సరు కొసన చెవి పెడితే మాత్రం నాకు కూడా స్పష్టంగా వినిపించింది.

బోరు కొట్టించడం పెద్ద విషయం కాదని చాలామంది అనుకుంటారు. నాకు అది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. 70 మిల్లీమీటర్ల బోరులో ప్రతిసారీ కొంత ఇనుము శాశ్వతంగా పోతుంది. ఓవర్‌సైజు పిస్టన్లు అయిపోయాక లైనరు దించాల్సిందే. ఎగ్జాస్ట్ వాల్వు చేసిన తప్పుకు సిలిండరును కోయడం అన్యాయం. కోసినా కిక్కు అలాగే ఉండేది, డబ్బు పోయాక.

హెడ్డు దించి, వాల్వు అందులోనే ఉంచి ఎగ్జాస్ట్ దారిలో పెట్రోలు పోశాడు. వాల్వు చుట్టూ కారింది. సీటు మీద నల్లటి చుక్కలు ఉన్నాయి, పగుళ్లు లేవు. ఎలాగూ విప్పారు కదా అని డయల్ గేజితో బోరు కొలిచి, కొత్త రింగును బోరులో పెట్టి ఫీలర్ గేజితో మూతి సందు చూశాడు. 0.3 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది. బోరుకు ఏమీ కాలేదు. పేస్టు రాసి వాల్వును రుద్దుతూ, మధ్యమధ్య తుడిచి చూస్తూ, సీటు చుట్టూ తెగకుండా బూడిదరంగు గీత పడేదాకా కూర్చున్నాడు. మళ్లీ పెట్రోలు పోస్తే ఒక్క చుక్కా దిగలేదు.

సాయంత్రానికి హెడ్డు ఎక్కించి గేజి పెడితే 95. రైతు పర్సు తీస్తుంటే మేస్త్రీ ఇంకో మాట చెప్పాడు: “రుద్దిన వాల్వు కొంచెం లోపలికి కూర్చుంటుందండీ, ఆ మేరకు ట్యాపెట్ మళ్లీ బిగుస్తుంది. ఓ వారం తిప్పి, రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే తీసుకురండి, సరిచేస్తాను.”