తీగతో కట్టిన చైన్



పోయిన వారం ఒక తమ్ముడు ఇక్కడే అడిగాడు. "ఇంజినీరింగ్‌లో రోబో టీములో మనలాంటోళ్ళు చేరొచ్చా? ఏమీ రాకపోతే నవ్వరా?" అని. రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాం, కుదరలేదు. అందుకే ఈ పొడుగు పోస్టు. ఓపికతో చదవండి.

మేమంటే ముగ్గురం, ఒకే హాస్టల్ రూము. ఒకడిది ఏటూరునాగారం దగ్గర, ఒకడిది ఉట్నూరు వైపు, ఇంకొకడిది భద్రాచలం అవతల. ముగ్గురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయినేడు మా కాలేజీ రోబో టీములో చేరాం. కాలేజీల మధ్య పోటీ ఉంది, మా రోబోకి ఒక లిఫ్ట్ కావాలి. ఆ పని మా ముగ్గురికి ఇచ్చారు.

లిఫ్ట్ అంటే పెద్దదేం కాదు. రెండు అల్యూమినియం నిలువు చానెళ్ళు, వాటి మధ్య బేరింగుల మీద జారే ఒక ట్రే. కింద మోటారుకి 14 పళ్ళ స్ప్రాకెట్, పైన ఇంకొకటి. రెండింటి మీదుగా సైకిల్ చైన్. చైన్‌కి ట్రేని తగిలిస్తే, మోటారు తిరిగినప్పుడు ట్రే లేస్తుంది.

లెక్క మాకు బాగానే వచ్చింది. సైకిల్ చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. 14 పళ్ళ స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే చైన్ 177.8 మిల్లీమీటర్లు నడుస్తుంది. 5 చుట్లకు 889. మాకు కావాల్సిన ఎత్తు వచ్చేసింది. రానిది ఒక్కటే. నడిచే చైన్‌కి ట్రేని ఎట్లా తగిలించాలి?

అడగొచ్చు. సీనియర్ అన్న పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. కానీ అడగలేదు. ఇంత చిన్నది కూడా తెలియదా అంటారని భయం. అప్పటికే మా మాట యాసకి ఒకరిద్దరు నవ్వి ఉన్నారు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, చైన్ లింకుల సందులోంచి బైండింగ్ వైరు దూర్చి, నాలుగు చుట్లు చుట్టి, ట్రే బోల్టుకి మెలేసి కట్టేశాం. ఊళ్ళో దడి కట్టినట్టు.

మొదటి రెండు సార్లు లేచింది. చప్పట్లు కొట్టారు కూడా. మూడోసారి ట్రేలో 3 కిలోల బరువు పెట్టారు. ట్రే ఒక పక్కకి ఒరిగి చానెల్‌లో ఇరుక్కుంది. మోటారు ఆగలేదు. తీగ ముడి పైదాకా పోయి స్ప్రాకెట్ పళ్ళ మధ్య పడింది, చైన్ పళ్ళు దాటింది, తీగ తెగింది. ట్రే ధడేల్‌మని కిందపడింది. కింద ఎవరి చెయ్యీ లేదు, అదొక్కటే అదృష్టం.

"హాస్టల్ వాళ్ళకి ఇస్తే ఇట్లాగే ఉంటది" అని వెనక నుంచి ఒక గొంతు. ఎవరన్నారో చూడలేదు. సీనియర్ అన్న మాత్రం ఏమీ అనలేదు. "ఆదివారం దాకా టైం ఉంది. కాకపోతే వేరేవాళ్ళకి ఇస్తా" అన్నాడు.

ఆ రాత్రి మెస్‌లో అన్నం సగం వదిలేశాం. ఆ మాటకి కోపం వచ్చింది నిజమే. కానీ ఆ తీగ కట్టింది మేమే కదా. అదే ఎక్కువ నొప్పి.

ఏటూరునాగారం వాడి మేనమామ బైక్ మెకానిక్. ఏడో తరగతితో చదువు ఆపేశాడు. మేడారం జాతర వస్తే ఆయనకి నిద్ర ఉండదు, అన్ని బళ్ళు వస్తాయి. వీడియో కాల్ చేసి, సిగ్గుపడుతూ తీగ చూపించాం. మామ ముందు బాగా నవ్వాడు.

"చైన్ని తీగతోని కడ్తరా అల్లుడా ఎవరన్నా? చైన్ గట్టిదే. తగిలిచ్చిన కాడనే తెగుతది."

"వెల్డింగ్ కొట్టిస్తే, మామా?"

"వద్దు. కాకకి ఉక్కు మెత్తవడ్తది, లింకు బిగుసుకపోతది. తిరగని లింకు పండ్ల మీద కూసోదు."

తర్వాత గంటసేపు చెప్పాడు. మేం రాసుకున్నాం. చైన్‌ని కట్టర్‌తో విప్పాలి. గుండ్రంగా కలపక్కర్లేదు, ట్రేనే మధ్యలో లింకు అనుకోవాలి. ట్రే పైనుంచి బయలుదేరిన చైన్ పై స్ప్రాకెట్ మీదుగా దిగి, కింది స్ప్రాకెట్ చుట్టి, ట్రే అడుగుకి వచ్చి ఆగుతుంది. రెండు కొసల్లోనూ లోపలి లింకు మిగిలేట్టు చూసుకోవాలి. ఆ లింకు రంధ్రంలో 3 మిల్లీమీటర్ల బోల్టు పడుతుంది. ఆ బోల్టుని రెండు వైపులా ఇనప పట్టీలు పట్టుకోవాలి. ఒక వైపే పట్టుకుంటే బోల్టు వంగుతుంది, రెండు వైపులా పట్టుకుంటే నిలుస్తుంది.

నట్టు నైలాక్‌ది వేయమన్నాడు, అదురుకి వదులవదు. చైన్ లాకు వాడొచ్చా అని అడిగితే, "బండి చైన్ ముందలికే నడుస్తది. క్లిప్పు మూసిన దిక్కు ముందలికి పెడ్తం. మీది రెండు దిక్కుల పోతది, బోల్టే మంచిది" అన్నాడు.

బిగువు సంగతి కూడా చెప్పాడు. బైక్‌కి వెనక చక్రం జరిపి చైన్ బిగిస్తారు. మా దాంట్లో జరిపే చక్రం లేదు. కాబట్టి కింది కొసకి ఒక పొడుగు మరల బోల్టు పెట్టి, నట్టు తిప్పితే చైన్ బిగిసేట్టు చేశాం. "మరీ బిగిస్తే బేరింగులు ఏడుస్తయి, వదిలిపెడితే పండ్లు దాటుతది" అన్నాడు మామ.

ఒరగడం ఎందుకో మేమే కనిపెట్టాం. హాస్టల్ బీరువా సొరుగుని ఒక మూల పట్టి లాగితే ఇరుక్కుంటుంది కదా, అదే. చైన్ ట్రే అంచున లాగుతోంది. దాన్ని బేరింగుల వరసలోకి, మధ్యకి తెచ్చాం. ట్రే స్ప్రాకెట్‌ని తాకకముందే ఆగేట్టు పైనా కిందా స్విచ్చులు పెట్టాం.

ఆదివారం అందరి ముందు 3 కిలోలతో 20 సార్లు లేపాం. 20 సార్లూ లేచింది, దిగింది. సీనియర్ అన్న కింద కూర్చుని పట్టీలు తడిమి చూశాడు. "ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా మామ, బైక్ మెకానిక్" అని గట్టిగానే చెప్పాం. "ముందే నన్ను అడగాల్సింది కదరా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. నవ్వుతాడనుకున్న మనిషి నవ్వలేదు.

పోటీలో మేం గెలవలేదు. రెండో మ్యాచ్‌లో ఓడిపోయాం. లిఫ్ట్ వల్ల మాత్రం కాదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇది. చేరొచ్చు. ఒకరిద్దరు నవ్వుతారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ట్రే పడిపోయింది వాళ్ళ నవ్వు వల్ల కాదు, మేం అడగకపోవడం వల్ల. కాలేజీలో అడుగు. అక్కడ నోరు రాకపోతే ఇంటికి ఫోన్ చెయ్యి. సైకిల్ షాపులో, వెల్డింగ్ షెడ్డులో, బోరు మోటార్ల దగ్గర పనిచేసే మనవాళ్ళు ఎంతమంది లేరు!

చైన్ కట్టర్ మా రూములోనే ఉంది. ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి. బైండింగ్ వైరు మాత్రం అడగొద్దు.